కొరమీను బతికిన రోజు

కిందటి వారం నాగదుర్గని మనం చేపల తొట్టె పక్కన, వానకి తడిసిన సిమెంటు గట్టు మీద వదిలేసి వచ్చాం. ఆమె వెనక్కి తిరిగొచ్చిన ఊరు, ఆమెను ఒకప్పుడు తరిమేసిన ఊరే. మొగలికోడు అనే ఏటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాలెంలో పుట్టింది. పదకొండేళ్ళప్పుడు, కోడులో మందు కలిపి చేపల్ని చంపాడన్న నింద తండ్రి బుల్లబ్బాయి మీద పడితే, అమ్మానాన్నలతో, చెల్లెలితో ఊరొదిలి వెళ్ళిపోయింది. కాకినాడ అవతల సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. రొయ్యపిల్లలకి మేతగా వేసే సన్ననాచుని గాజుసీసాల్లో మొదలుపెట్టి పెద్ద తొట్టెలదాకా పెంచడం ఆమె పని.

ఆ పనితనం గురించి విని హనుమంతరాజు గారి మనవరాలు గీతిక ఐదు నెలల కింద ఆమెను వెతుక్కుంటూ వెళ్ళి, తమ గేదెల ఫారానికి పిలుచుకొచ్చింది. రెండొందల గేదెల్ని, కొట్టాన్ని కడిగిన పేడనీళ్ళు ఏళ్ళ తరబడి కోడులోకే పోతున్నాయి. ఆ నీళ్ళలోనే నాచు పెంచి, వాటిలోని చెడుగంతా నాచుకే మేతగా పెట్టి, తేటనీళ్ళు మాత్రం కోడులోకి వదలాలని గీతిక పంతం. శనివారం పాలెం పెద్దలు వచ్చి చూస్తారు. నీళ్ళు బాగున్నాయని వాళ్ళకి నమ్మకం కుదిరితే ఫారం మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. కుదరకపోతే ఫారానికి తాళం పడుతుంది.

ఇవాళ గురువారం.

నిన్న సాయంత్రం పట్టిన ముసురు తెల్లారేసరికి తెరిపిచ్చింది. పచ్చనీళ్ళ మడుగులు రెండూ బాగానే ఉన్నాయి. మోకాలి లోతు కూడా లేని పొడుగాటి మడుగులవి. చక్రాలు మెల్లగా తిరుగుతుంటే లేత అరిటాకు రంగు నీళ్ళు ఒక చివరినుంచి ఇంకో చివరికి నడుస్తున్నాయి. పాడైంది మాత్రం చివర ఉన్న చేపల తొట్టె. నాచు తినేసి వదిలిన నీటిని గుడ్డలో వడగట్టి ఆ తొట్టెలోకి తీస్తారు. అందులో చేపలు హాయిగా తిరిగితేనే నీళ్ళు కోడులోకి. రాత్రి వానకి పేడగుంట పొంగి, అడ్డుగోడ మీదుగా ఆ తొట్టెలోకి దిగింది. తొట్టె నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా మారిపోయాయి.

"దుర్గ గారూ, బాధపడకండి. గోడ పొట్టిగా కట్టించడం మా తప్పే," అంది గీతిక. "తొట్టె కడిగించేసి కొత్త చేపలు తెప్పించేద్దాం. శనివారానికి ఎవరికీ తెలీదు."

నాగదుర్గ తలెత్తలేదు. "చేపలు తెప్పించొచ్చమ్మా. ముందు ఇటు చూడండి. ఏవి చచ్చాయో, ఏవి బతికాయో చూడండి."

కొరమీను పక్కన పరిగెని వదిలితే సాయంత్రానికి పరిగె ఉండదు. అందుకని ఆమె తొట్టెకి మధ్యలో వల కట్టింది. ఇటువైపు పరిగెలు, బొచ్చెపిల్లలు. అటువైపు జానెడేసి కొరమీన్లు నాలుగు. ఇటువైపువి అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి. అటువైపు నీళ్ళు కదిలాయి. నల్లటి మూతి ఒకటి పైకొచ్చి, గాలి మింగి, లోపలికి పోయింది.

గుటుక్.

నాగదుర్గ వల దగ్గరికి వంగి, ఆ చప్పుడు మళ్ళీ వచ్చేదాకా ఆగింది.

* * *

ఆ చప్పుడు ఆమెకి నేర్పింది నాన్న.

మొగలికోడు అప్పుడిలా ఉండేది కాదు. ఇప్పటివాళ్ళకి అది పొలాల మురుగుని సముద్రంవైపు లాక్కెళ్ళే కాలువ. అప్పుడు దానికి రెండువైపులా మొగలిపొదలు. పూత రోజుల్లో దోనె ఎక్కితే ఆ వాసనకి తల దిమ్మెక్కేది. బుల్లబ్బాయిది తాటిదోనె. తాటిమాను మొదలుని తొలిచి తనే చేసుకున్నాడు. అందులో ఇద్దరికి చోటుండేది. ఆ రెండోచోటు నాగదుర్గది. చెల్లెలు బేబీ ఇంకా పాకుతున్న రోజులు కాబట్టి పోటీ లేదు.

తెల్లవారుజామున పొగమంచు నీళ్ళ మీద దుప్పటిలా పరుచుకుని ఉండేది. నాన్న దోనె ఆపి, గెడ అడ్డంగా పెట్టి, వేలు పెదాల మీద పెట్టుకునేవాడు. మాట్లాడకూడదు. కాసేపటికి ఎక్కడో తూటికాడ గుబురులో, గుటుక్.

"విన్నావా? అది కొరమీను. మనలాంటిదే అది. పైకొచ్చి గాలి తాగకపోతే బతకదు. బొచ్చె అలా కాదు. నీళ్ళలో కలిసిన గాలే దానికి దిక్కు. అందుకే ఎండాకాలం బురదలో కూడా కొరమీను దొరుకుతుంది, బొచ్చె దొరకదు."

"మరి నీళ్ళలో గాలి అయిపోతే నాన్నా?"

"అయిపోదమ్మా. పచ్చటి పాకుడు ఉన్నంతకాలం పొద్దెక్కేసరికి మళ్ళీ నిండుతుంది. వంటింట్లో ఉప్పు అయిపోతే అమ్మ తెచ్చి పోస్తుంది చూడు, అలాగ."

ఆ మాటనే పాతికేళ్ళ తర్వాత హేచరీలో, తెల్లకోటు వేసుకున్న టెక్నీషియన్ బోర్డు మీద బొమ్మగీసి చెప్పాడు. వెనక నించున్న నాగదుర్గకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎందుకు నవ్వావని ఆయన అడిగితే, ఇది మా నాన్న చెప్పాడండి అంది. మీ నాన్న ఏం చదివాడు అన్నాడాయన. ఆమె సీసాలు కడగడానికి వెళ్ళిపోయింది.

దోనె ఒడ్డుకి చేరేసరికి అమ్మ సుబ్బాయమ్మ పొయ్యి ముట్టించి ఉండేది. పరిగెలు ఇగురు పెడుతూ చివర్లో చింతచిగురు నలిపి వేసేది. ఆ వాసనకి పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవారు. ఒకరింట్లో కూర ఇంకొకరింటికి వెళ్ళని రోజు పాలెంలో ఉండేది కాదు.

తర్వాత ఆ రోజు వచ్చింది.

అప్పుడూ ఇలాగే ముసురు. తెల్లారి లేచేసరికి పాలెం అంతా కోడు గట్టు మీద ఉంది. ఆడవాళ్ళు నోట్లో కొంగులు కుక్కుకున్నారు. నీళ్ళ మీద ఎక్కడ చూసినా తెల్లటి పొట్టలే. కార్తీకంలో పట్టుకుందామని అందరూ కలిసి కాపాడుకున్న చేపలవి. అప్పుడు అటువైపు మలుపులోంచి బుల్లబ్బాయి దోనె వచ్చింది. ఆయన బుట్ట ఎత్తి చూపించాడు. లోపల తొమ్మిది కొరమీన్లు, ప్రాణాలతో ఎగిరెగిరి పడుతున్నాయి. "ఇవి బతికున్నాయిరా! పదండి, ఇంకా ఉంటాయి!" అని పిల్లాడిలా కేకేశాడు.

ఎవరూ కదల్లేదు. తోటి చేపలవాడు త్రిమూర్తులు ముందుకొచ్చి, "అందరివీ చచ్చి, నీవి మాత్రం ఎలా బతికాయి బుల్లబ్బాయ్?" అనడిగాడు.

అంతే. ఆ ఒక్క ప్రశ్నే తీర్పైపోయింది. మందు కలిపి, అందరికంటే ముందు మంచివి ఏరుకున్నాడన్నారు. సాయంత్రం రచ్చ దగ్గర కూర్చోబెట్టి నిలదీశారు. బుల్లబ్బాయి ఏదో చెప్పబోయాడు. నాగదుర్గ చూసింది, నాన్న పెదాలు విడిపడ్డాయి. మళ్ళీ మూసుకున్నాయి. తల వంచుకున్నాడు. కోడులో అతను వల వెయ్యకూడదన్నారు, అతనితో ఎవరూ కూర్చోకూడదన్నారు. పది రోజులకి వాళ్ళు ఊరొదిలారు. తాటిదోనె మొగలిపొదల్లో అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడాయన. హార్బరులో ఐసు మోశాడు, వలలు కుట్టాడు. ఇంట్లో కొరమీను వండనివ్వలేదు. ఆ రోజు ఏం చెప్పబోయావు నాన్నా అని కూతురు ఎన్నిసార్లడిగినా, "ఏమీ లేదమ్మా" అనేవాడు.

* * *

హనుమంతరాజు గారు దూడల కొట్టం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై రెండేళ్ళు. నాలుగు రోజుల దూడ ఆయన మోకాలికి తల రాసుకుంటోంది.

"రా అమ్మాయ్. తొట్టె సంగతి గీతిక చెప్పింది. వానకి మనమేం చేస్తాం? కాఫీ తాగావా?"

"తాగానండి. ఒక్కసారి మీరు తొట్టె దగ్గరికి రావాలండి."

ఆమె గొంతు వినగానే ఆయన లేచారు. కర్ర అందుకున్నారు. ఆమె ముందు, ఆయన వెనక నడిచారు. గీతిక గట్టు దిగి పక్కకి జరిగింది. తొట్టెలో మళ్ళీ గుటుక్ మంది.

"మందు వేస్తే కొరమీను కూడా చస్తుందండి," అంది నాగదుర్గ. "కప్ప చస్తుంది, నీరుకట్టు పాము చస్తుంది. నీళ్ళలో గాలి అందక చచ్చినప్పుడే ఇలా అవుతుంది. పైకొచ్చి గాలి తాగేవి బతుకుతాయి, మిగతావి పోతాయి. ఆ రోజు మా నాన్న బుట్టలో తొమ్మిది కొరమీన్లు బతికున్నాయి. గట్టు కింద కప్పలు అరుస్తూనే ఉన్నాయి, నాకు బాగా గుర్తు. అంటే కోడులో ఎవరూ మందు కలపలేదండి. పేడనీళ్ళు కలిశాయి. కోడు మీద ఆ రోజుల్లో గేదెల కొట్టం ఒక్కటేనండి. మీది."

గీతిక తాతగారి మొహం వైపు చూసింది. ఆయన తొట్టెలోకే చూస్తున్నారు.

"ఇది ఎప్పుడు పట్టుకున్నావమ్మా?"

"ఇవాళ పొద్దున్నండి. ముప్పై మూడేళ్ళకి. ఇన్నాళ్ళూ నాచు పెంచుతూ, గాలి కొలుస్తూ, ఇది నాకు తట్టలేదంటే నా బుర్రనే తన్నుకోవాలి."

"నేను ఆ రోజే పట్టుకున్నాను," అన్నారు హనుమంతరాజు గారు.

ఆయన గట్టు మీద చతికిలబడ్డారు. ఆ వయసు మనిషి అలా కూర్చోవడం చూసి గీతిక చెయ్యి అందించబోయింది. ఆయన వద్దన్నట్టు తల ఊపారు.

"ముందురోజు మధ్యాహ్నం వాన దంచేస్తోంది. సముద్రం పోటు మీదుంది, కోడు నీళ్ళు లాగడం లేదు. పేడగుంట నిండిపోయి కొట్టంలోకి ఎదురు తన్నింది. లోపల పద్దెనిమిది దూడలు, కడుపులదాకా నీళ్ళు. గుంట గట్టు కొట్టి కోడులోకి వదిలెయ్యండని కేకేశాను. ఏడాది పేడ అది. వదిలితే ఏమవుతుందో నాకు తెలీదని అబద్ధం చెప్పను. తెలుసు. కానీ ఆ క్షణంలో దూడల అరుపులు తప్ప నాకేం వినిపించలేదు. వాన నీటికి కోడు ఎర్రగా పొంగుతోంది. పేడ రంగు ఎవరూ పోల్చుకోలేదు."

"మర్నాడు రచ్చ దగ్గర మీరూ ఉన్నారండి. అరుగు మీద కూర్చున్నారు. తెల్ల పంచె. నేను చూశాను."

"ఉన్నాను."

"ఒక్క మాట అనలేదు."

"అనలేదు."

నాగదుర్గ ఆయన ఎదురుగా గట్టు మీద కూర్చుంది. "మీ అమ్మగారికి ఒంట్లో బాగోనప్పుడు, వరదలో దోనె వేసుకొచ్చి ఆసుపత్రికి దాటించింది ఎవరండి?"

"మీ నాన్నే." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళని అలాగే జారనిచ్చారు. "ఇద్దరు పట్టే దోనెలో ముగ్గురం ఇరుక్కున్నాం. ఆ దారంతా వాడు మా అమ్మతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఆవిడ నిద్రలోకి జారిపోకుండా. ఏ మలుపులో ఏ చేప ఉంటుందో చెప్పాడు. మా అమ్మ పెదాల మీద నవ్వు చూసిన ఆఖరి రోజది. ఇప్పటికీ సాయంత్రం కోడు గట్టు మీద నించుంటే ఆ గెడ చప్పుడు వినిపిస్తుంది నాకు. అప్పట్లో ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని తాగేవాళ్ళం, తెలుసా? నా చేతులతోనే పాడుచేశాను దాన్ని. ఆ ఒక్కరోజుతో ఆగలేదు. ఎలాగూ చేపలు పోయాయి కదా అని ఆ తర్వాత రోజూ వదిలాను."

"తాతగారూ..." అంది గీతిక. ఆ పిల్ల గొంతులో ఉన్నది కోపమో జాలో ఆమెకే తెలీలేదు.

"రచ్చ అయిన మర్నాడు బుల్లబ్బాయి నా దగ్గరికొచ్చాడమ్మా. నేను చెప్పేస్తాను పద అన్నాను. వాడు నా చేతులు పట్టుకుని, మీరు నోరు విప్పకండి రాజుగారూ, నేను ఊరొదిలిపోతాను అన్నాడు. వాడు అడిగాడు కాబట్టి ఊరుకున్నానని నీకు చెప్పి తప్పించుకోవచ్చు నేను. కానీ వాడు అలా అడగడం నాకు బాగా కలిసొచ్చింది. అదీ నిజం."

నాన్నకి తెలుసు. తెలిసే తల వంచుకున్నాడు. పద్నాలుగేళ్ళు ఐసుదిమ్మల కింద భుజం కాయలు కాయించుకుని, ఏమీ లేదమ్మా అన్నాడు.

"ఎందుకండి? చెయ్యని తప్పుని ఎందుకు నెత్తినేసుకున్నాడు? మీరు గట్టు కొట్టమన్నారు సరే, కొట్టింది ఎవరు? మా నాన్నేనా?"

హనుమంతరాజు గారు కర్రని ఒళ్ళోకి తీసుకున్నారు. "బుల్లబ్బాయే అనుకో."

"అనుకోవడమేంటండి?"

"నన్నింతకంటే అడక్కమ్మా. నేను చేసింది శనివారం పాలెం వాళ్ళందరి ముందూ చెప్తాను. త్రిమూర్తులు ముందూ చెప్తాను. ఫారం మూసుకోమంటే మూసుకుంటాం." ఆయన మనవరాలి వైపు చూశారు. గీతిక తల దించుకుంది గానీ కాదనలేదు. "కానీ నేను నోరు విప్పేముందు నువ్వు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. సుబ్బాయమ్మ సరేనంటేనే గట్టు కొట్టిందెవరో చెప్తాను. వద్దంటే, మిగిలిన సగం నాతోనే పోతుంది."

* * *

సుబ్బాయమ్మ ధవళేశ్వరంలో చిన్నకూతురు బేబీ దగ్గర ఉంటోంది. నాగదుర్గ ఈ ఫారంలో చేరతానన్నప్పుడు ఆమె వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. బ్యారేజీ మీదుగా బస్సు దాటేదాకా కూతురి పక్కన కూర్చుని, అవతలి స్టాపులో దిగిపోయింది. ఈ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా కోడు ఎలా ఉందని అడగలేదు.

నాగదుర్గ మడుగుల మధ్య నడుస్తూ ఫోన్ చేసింది. అటునుంచి పోపు చిటపటలు వినిపించాయి.

"ఏమే దుర్గా, ఈ టైములో? పనిలేదా?"

"అమ్మా, రాజుగారు చెప్పారు. పేడగుంట గట్టు కొట్టించి కోడులోకి వదిలారంట. నాన్న మందు కలపలేదు."

"మీ నాన్న కలపలేదని నాకు ఒకరు చెప్పాలటే?" అంది సుబ్బాయమ్మ. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. పోపు చల్లారింది. "ఇంకేం చెప్పాడు?"

"గట్టు కొట్టింది ఎవరంటే, నాన్నే అనుకో అన్నారు. నిన్నడగమన్నారు."

అటు పీట జరిపిన చప్పుడైంది. అమ్మ కూర్చున్నట్టుంది.

"ముప్పై మూడేళ్ళు ఆ ముసలాయన మాట మీద నిలబడ్డాడు. ఆయన్ని నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో!" సుబ్బాయమ్మ గొంతు మెత్తబడింది. "అప్పట్లో నేను వాళ్ళ కొట్టంలో పేడ ఎత్తేదాన్ని, నీకు గుర్తుందా? నువ్వు బడినుంచి వచ్చేదాకా బేబీని గడ్డిలో పడుకోబెట్టుకుని."

"గుర్తుంది."

"ఆ మధ్యాహ్నం దూడలు మునిగిపోతున్నాయి. ఆ పక్కనే గడ్డిలో బేబీ. నీళ్ళు దాని పక్కబట్ట కిందికొచ్చేశాయే. మగాళ్ళంతా గేదెల్ని విప్పడానికి అవతలికి పరిగెత్తారు. గట్టు దగ్గర పార ఉంది, నేనున్నాను. రాజుగారు కేకేశాడు. ఆయన కేకెయ్యకపోయినా కొట్టేసేదాన్ని."

నాగదుర్గ మడుగు గట్టు మీద ఆగిపోయింది.

"రచ్చలో మీ నాన్న చెప్పబోయాడు. పేడనీళ్ళని చెప్తే, వదిలిందెవరనే ప్రశ్న వస్తుంది కదా! పాలెం ఆడదే పాలెం నోట్లో మట్టి కొట్టిందంటే నన్ను బతకనిచ్చేవారా? అప్పుడు నా మొహం చూశాడే ఆయన. చూసి నోరు మూసుకున్నాడు. నేను మూసుకోనిచ్చాను. అదే నేను చేసిన తప్పు. పార పట్టడం కాదు."

"అమ్మా, నువ్వేం చెప్పక్కర్లేదు. రాజుగారు కొట్టించానని చెప్తారు, అంతే. నాన్న మీద మాట పోతుంది. నీ పేరు ఎవరికీ..."

"నోర్ముయ్," అంది సుబ్బాయమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఎన్నో ఏళ్ళ కింద దోనె దిగి పరిగెత్తుకొచ్చిన కూతుర్ని పొయ్యి దగ్గరికి రానివ్వకుండా ఆపేదే, అచ్చం ఆ గొంతు. "ఒకసారి ఒకళ్ళు నా బదులు తల వంచుకున్నారు. చాలు. శనివారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తున్నాను. ఆ త్రిమూర్తులు వాడు ఉంటాడా?"

"ఉంటాడమ్మా. వాళ్ళకి పెద్ద ఇప్పుడు ఆయనే. కానీ అమ్మా, వాళ్ళు నిన్నేమంటారో తెలుసా? ఫిర్యాదు రాజుగారి మీద నుంచి నీ మీదికి తిరుగుతుంది. నాచుతో నీళ్ళు బాగుచేస్తున్నది నేను, పాడుచేసింది నువ్వు అంటారు. అప్పుడు నేను ఎటు నించోవాలి?"

"అది నువ్వు తేల్చుకో. రెండు రోజులుంది," అని సుబ్బాయమ్మ ఫోన్ పెట్టేసింది.